షోకోబ్రోట్‌షెన్: జర్మన్ ఇంటి చాక్లెట్ బన్ను చరిత్ర

షోకోబ్రోట్‌షెన్ జర్మనీ ఇళ్లలో చేసుకునే తీపి బన్ను. గోధుమ మైదాలో పాలు, ఈస్ట్, వెన్న, చక్కెర, గుడ్డు వేసి కలుపుతారు. ఆ పిండి పొంగాక చాక్లెట్ పలుకులు చేర్చి, పిడికిలంత ఉండలు చేసి, పైన గుడ్డుసొన పూసి ఓవెన్‌లో కాలుస్తారు. కాలిన బన్నుకు పైన పలచని గోధుమరంగు పెంకు కడుతుంది, లోపలి భాగం మెత్తగా పోగులు పోగులుగా విడివడుతుంది. ఆదివారం ఉదయపు ఫలహారంలోనూ, మధ్యాహ్నం కాఫీ వేళలోనూ, బడికి వెళ్లే పిల్లల డబ్బాలోనూ దీనికి చోటుంది. బేకరీ దుకాణాల్లో ఇదే పేరుతో ఇంకొక తినుబండారం కూడా దొరుకుతుంది. అది వెన్న పొరలు వేసిన పిండిలో చాక్లెట్ కడ్డీలు చుట్టి చేసే ఫ్రెంచి తరహా వంటకం. దాని చరిత్ర వేరు. ఇంట్లో పాలపిండితో చేసే బన్ను మాత్రం జర్మన్ పల్లెల పొయ్యిల నుంచి, సారా బట్టీల నుంచి, చక్కెర దుంపల పొలాల నుంచి వచ్చింది.

చూడడానికి ఇది ఎన్నో తరాల నాటి వంటకంలా అనిపిస్తుంది. నిజానికి నూటయాభై ఏళ్ల కిందట ఒక మామూలు జర్మన్ కుటుంబం దీన్ని చేసుకోగలిగేది కాదు. తెల్లని పిండి, నమ్మదగిన ఈస్ట్, చవకైన చక్కెర, ఇంట్లోనే ఓవెన్ ఇవన్నీ ఒక్కొక్కటిగా, వేర్వేరు కారణాల వల్ల సామాన్యుడి వంటింట్లోకి వచ్చాయి. చాక్లెట్ అన్నిటికన్నా ఆలస్యంగా చేరింది. బన్ను పేరులో ముందున్నది చాక్లెట్టే అయినా, దాని చరిత్రను పిండితోనే మొదలుపెట్టాలి.

మధ్యయుగాల్లో జర్మన్ నేలల మీద జనం ఎక్కువగా తిన్నది రై రొట్టె. చలికి, పేలవమైన నేలకు తట్టుకునే పంట అది. రై పిండిని పుల్లటి పాత ముద్దతో పులియబెట్టి, వారం రెండు వారాలు నిలవ ఉండే బరువైన రొట్టెలు కాల్చేవారు. గోధుమ దక్షిణాదిన కొంత ఎక్కువగా, ఉత్తరాన తక్కువగా పండేది. జల్లించిన తెల్లని గోధుమ పిండి ఉన్నవాళ్ల భోజనబల్ల మీదికి, పండుగలకు మాత్రమే వచ్చేది. పట్టణాల్లో రొట్టెల పనివారు సంఘాలుగా ఏర్పడ్డారు. చాలాచోట్ల నల్లరొట్టె కాల్చేవారు వేరు, తెల్లరొట్టె కాల్చేవారు వేరు. తేనె, మసాలాలతో లెబ్‌కూహెన్ చేసేవారికి న్యూరెంబర్గ్‌లో 1643 నుంచి ప్రత్యేక సంఘమే ఉండేది. ఎవరు ఏ పిండి కలపాలో, ఏ ధరకు ఎంత బరువు ఇవ్వాలో పట్టణ పాలకులు శాసించేవారు. ఈ కట్టుబాట్లను ప్రష్యా రాజ్యం 1810 తర్వాత సడలించింది.

తీపి బన్నుకు పూర్వరూపాలు పండుగ రొట్టెల్లో కనిపిస్తాయి. క్రిస్మస్‌కు స్టోలెన్, ఈస్టర్‌కు జడలా అల్లిన రొట్టె, నవంబర్ 11న సెయింట్ మార్టిన్ పండుగకు మనిషి ఆకారంలో చేసే బన్నులు ఈ కోవలోవి. క్రిస్మస్‌కు ముందరి ఉపవాస దినాల్లో వెన్న నిషిద్ధం కాబట్టి స్టోలెన్‌ను నూనెతో చేయాల్సి వచ్చేది. శాక్సనీలో మంచి నూనె దొరకడం కష్టం, దొరికినా రుచి ఉండేది కాదు. అక్కడి పాలకులు రోమ్‌కు పదేపదే విన్నపాలు పంపగా, 1491లో పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ వెన్న వాడుకోవడానికి అనుమతినిచ్చాడు. జర్మన్లు దీన్ని ‘వెన్న లేఖ’ అంటారు. వెన్న, పాలు, ఎండుద్రాక్ష కలిసిన కమ్మని పులిసిన పిండి చరిత్రలో ఇంత స్పష్టంగా తేదీ తెలిసిన ఘట్టాలు తక్కువ. అయితే అప్పటికీ తర్వాత చాలాకాలం వరకూ అది ఏడాదికోసారి తినే రొట్టె.

దీనికి దినుసుల ధర ఒక కారణమైతే, పొయ్యి అంతకంటే పెద్ద కారణం. రొట్టె కాలాలంటే అన్ని వైపుల నుంచీ ఒకే తీరున వేడి తగిలే మూసిన బట్టీ కావాలి. పల్లె ఇళ్లలో ఉండేది గంజి, కూర ఉడికించుకునే తెరిచిన పొయ్యి. అందుకే ఊరికొకటో రెండో ఉమ్మడి బట్టీ ఇళ్లు కట్టేవారు. గడ్డికప్పు ఇళ్ల మధ్య ఎవరికి వారు బట్టీ పెట్టుకుంటే ఊరంతా తగలబడే ప్రమాదముంది. దానికితోడు అడవుల్లో కట్టె తరిగిపోతోంది. ఈ రెండు కారణాల వల్ల 19వ శతాబ్దంలో నైరుతి జర్మనీ పాలకులు ఉమ్మడి బట్టీలను ప్రోత్సహించారు. అలాంటివి కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఉమ్మడి బట్టీకి ఒక పద్ధతి ఉండేది. చాలా ఊళ్లలో చీట్లు వేసి వంతులు తేల్చేవారు. మొదట వంతు వచ్చినవాళ్లు చల్లారిన బట్టీని వేడెక్కించాలి కాబట్టి ఎక్కువ కట్టె మోసుకురావాలి. బట్టీ లోపలే కట్టెలు మండించి, రాళ్లు బాగా కాగాక నిప్పులు బయటకు లాగి, తడి చీపురుతో బూడిద తుడిచి, రొట్టెలు లోపలికి తోసేవారు. పెద్ద రొట్టెలు కాలి బయటకు వచ్చాక మిగిలిన మెత్తని వేడి వృథా పోకుండా రేకుల మీద పరిచిన తీపి పిండి పెట్టేవారు. వెన్న, చక్కెర కలిసిన పిండి తీవ్రమైన వేడికి మాడిపోతుంది, తగ్గిన వేడే దానికి సరిపోతుంది. జర్మన్ ఇంటి తీపి రొట్టెల సంప్రదాయం ఈ మిగులు వేడిలోనే రూపు దిద్దుకుంది. పట్టణాల్లోనూ ఇలాంటి సర్దుబాటే ఉండేది. గృహిణులు ఇంట్లో పిండి కలిపి, రేకు మీద పరిచి, వీధి చివర బేకరీకి మోసుకెళ్లి, కొద్ది డబ్బిచ్చి కాల్పించుకునేవారు. పండుగల ముందు ఈ అలవాటు 20వ శతాబ్దంలోనూ సాగింది.

పిండిని పొంగించే ఈస్ట్ కథ ఈ చరిత్రకు గుండెకాయ. రై పిండికి పుల్లటి ముద్ద సరిపోతుంది, ఆ పులుపే దాని రుచి. పాలు, చక్కెర కలిసిన గోధుమ పిండికి పులుపు పనికిరాదు, దానికి తేటైన ఈస్ట్ కావాలి. అది దొరికే చోటు బీరు బట్టీ. పులుస్తున్న బీరు మీద తేలే నురగను బేకరీవాళ్లు కొనుక్కునేవారు. ఆ నురగ ఒకరోజు చురుగ్గా, మరోరోజు మందకొడిగా పనిచేసేది. హాప్ పువ్వుల చేదు అంటుకుని ఉండేది, ఎండాకాలంలో త్వరగా పాడైపోయేది. ఒక పండుగ రొట్టె బాగా రావడమన్నది ఆ వారం బీరు ఎలా పులిసిందన్న దాని మీద ఆధారపడేది. అసలు ఆ నురగ ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. 1837లో బెర్లిన్‌లో థియోడర్ ష్వాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అది బతికున్న జీవమనీ, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేది అదేననీ చెప్పాడు. నాటి ప్రముఖ రసాయన శాస్త్రవేత్తలు కొందరు దాన్ని ఒప్పుకోలేదు. రెండు దశాబ్దాల తర్వాత లూయీ పాశ్చర్ ప్రయోగాలతో ఆ వాదం నిలబడింది.

సరిగ్గా ఆ కాలంలోనే బేకరీలకు ఒక చిక్కు వచ్చిపడింది. 1840ల నుంచి బవేరియా తరహా లాగర్ బీరు మధ్య యూరప్ అంతటా వ్యాపించింది. 1842లో పిల్సెన్‌లో మొదలైన లేత రంగు బీరు దానికి మరింత ఊపునిచ్చింది. ఈ బీరును చల్లని నేలమాళిగల్లో పులియబెడతారు. దాని ఈస్ట్ పైకి తేలకుండా అడుగున పేరుకుంటుంది. అది నెమ్మదిగా పనిచేస్తుంది, రొట్టె పిండికి అంతగా కుదరదు. బీరు బట్టీలు ఒక్కొక్కటే కొత్త పద్ధతికి మారుతుంటే బేకరీలకు నురగ దొరకడం కష్టమైంది. నెదర్లాండ్స్ సారా బట్టీలు 18వ శతాబ్దం చివరి నుంచే బేకరీల కోసం ఈస్ట్ అమ్ముతున్నాయి. వియన్నాలో ఆడోల్ఫ్ ఇగ్నాజ్ మౌట్నర్ 1840ల చివర్లో ధాన్యపు గుజ్జు మీద ఈస్ట్‌ను ప్రత్యేకంగా పెంచి, నురగను తోడి, కడిగి, నీరు పిండేసి ముద్దలుగా అమ్మే పద్ధతిని గెలిపించాడు. ‘వియన్నా పద్ధతి’గా పేరుపడిన ఆ పద్ధతి వల్ల వియన్నా తెల్ల బన్నులకు యూరప్ అంతటా కీర్తి వచ్చింది. ఆ ముద్ద తేటగా, చేదు లేకుండా ఉండేది. అంతకంటే ముఖ్యంగా, ఏ రోజు కొన్నా ఒకే తీరుగా పనిచేసేది.

జర్మనీలో ఈస్ట్ ముద్ద కిరాణా దుకాణం దాకా వచ్చాక ఇంటి రొట్టెల పని మారిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ధాన్యం కరువై, జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు మరో అడుగు వేశారు. ధాన్యం బదులు చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డిని ఈస్ట్‌కు ఆహారంగా ఇవ్వడం, దాన్ని ఒకేసారి పోయకుండా కొద్దికొద్దిగా అందిస్తూ గాలి ఊదడం వాళ్లు రూపొందించిన పద్ధతి. ఇలా చేస్తే ఈస్ట్ ఆల్కహాల్ చేయడం మాని తానే వృద్ధి చెందుతుంది. ప్రపంచంలో బేకరీ ఈస్ట్ తయారీ ఇప్పటికీ ఈ సూత్రం మీదే నడుస్తోంది. నేటి జర్మన్ దుకాణంలో ఈస్ట్ 42 గ్రాముల చతురస్రపు ముద్దగా, లేదా 7 గ్రాముల పొడి పొట్లంగా దొరుకుతుంది. 500 గ్రాముల పిండికి ఒక పొట్లమన్నది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన కొలత.

చక్కెర కథ కూడా బెర్లిన్‌లోనే మొదలవుతుంది. దుంప చక్కెర రాకముందు జర్మనీకి చక్కెర సముద్రం మీదుగా వచ్చేది. కరీబియన్ దీవుల్లో ఆఫ్రికన్ బానిసల చేత పండించిన చెరుకు నుంచి తీసిన ముడి చక్కెరను హాంబర్గ్‌లో శుద్ధి చేసేవారు. 1747లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రియాస్ జీగిస్మండ్ మార్గ్రాఫ్ దుంపల్లోనూ అదే చక్కెర ఉందని రుజువు చేశాడు. ఆయన శిష్యుడు ఫ్రాంజ్ కార్ల్ ఆకార్డ్ ఏళ్ల తరబడి దుంపలను ఎంచి పెంచి, ప్రష్యా రాజు సాయంతో సైలీషియాలోని కునెర్న్‌లో 1801లో ప్రపంచంలోనే మొదటి దుంప చక్కెర కర్మాగారాన్ని నెలకొల్పాడు. 1806లో నెపోలియన్ బ్రిటిష్ వాణిజ్యాన్ని యూరప్‌లోకి రానివ్వకుండా అడ్డుకట్ట వేయడంతో చెరుకు చక్కెర అరుదై, దుంపకు గిరాకీ పెరిగింది. 19వ శతాబ్దం ద్వితీయార్ధానికి మాగ్డెబర్గ్ చుట్టుపక్కల నల్లరేగడి పొలాలు చక్కెర దుంపలతో నిండిపోయాయి. శతాబ్దం ముగిసేనాటికి జర్మనీ ప్రపంచంలో దుంప చక్కెర ఉత్పత్తిలో ముందు నిలిచింది. తొలినాళ్ల దుంపల్లో చక్కెర బాగా తక్కువ, నేటి దుంపల్లో దాదాపు 16 నుంచి 20 శాతం ఉంటుంది. ఎంపిక చేసి విత్తనం కట్టడం వల్ల ఒక పశువుల మేత దుంప దేశానికి తీపినిచ్చింది. దాని మడ్డి ఈస్ట్‌ను కూడా పెంచిందన్న సంగతి బన్ను తినేవాళ్లలో తెలిసినవారు తక్కువ.

ఇదే కాలంలో పొయ్యి ఇంట్లోకి వచ్చింది. పోత ఇనుముతో చేసిన మూసిన పొయ్యి, దాని పక్కనే కాల్చుకునే గూడు 19వ శతాబ్దంలో మధ్యతరగతి ఇళ్లకు, శతాబ్దాంతానికి కార్మికుల ఇళ్లకు చేరాయి. 1845లో వెలువడిన హెన్రియెట్ డేవిడిస్ వంటల పుస్తకం తరాల తరబడి పునర్ముద్రణ పొందుతూ, పెళ్లయిన ప్రతి అమ్మాయి సామానులో చోటు చేసుకుంది. ఇక 1891లో బీలెఫెల్డ్‌లో మందుల దుకాణం కొన్న ఔగుస్ట్ ఓట్కర్ చేసిన పని చాలా తెలివైనది. బేకింగ్ పౌడర్ అతను కనిపెట్టినది కాదు. యుస్టుస్ ఫాన్ లీబిగ్, ఆయన అమెరికన్ శిష్యుడు ఈబెన్ హార్స్‌ఫర్డ్ ముందే దాని మీద పనిచేశారు. ఓట్కర్ దాన్ని అర కిలో పిండికి సరిపడే చిన్న పొట్లంగా కట్టి 10 ఫెన్నిగ్‌లకు అమ్మాడు. వంట విధానాలను అచ్చు వేయించి ఇంటింటికీ చేర్చాడు. కొలత, పద్ధతి, ఫలితం మూడూ ముందే చెప్పిన ఆ పొట్లం ‘ఇంట్లో కాల్చడం కష్టం’ అనే భయాన్ని పోగొట్టింది. ఈస్ట్ బన్నుకు బేకింగ్ పౌడర్ అవసరం లేకపోయినా, వారాంతంలో ఏదో ఒకటి కాల్చుకునే అలవాటు జర్మన్ ఇళ్లలో స్థిరపడడానికి దాని సాయం చిన్నది కాదు.

బన్ను పిండిలో పడే వాసనకూ ఒక తేదీ ఉంది. వనిల్లా కాయ ఎంతో ఖరీదైనది. 1874లో రసాయన శాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ హార్మన్, ఫెర్డినాండ్ టీమన్ శంఖాకార వృక్షాల రసం నుంచి వనిల్లిన్‌ను తయారుచేయగలిగారు, హోల్ట్‌స్‌మిండెన్‌లో దాని ఉత్పత్తి మొదలైంది. తర్వాత వనిల్లిన్ కలిపిన చక్కెర పొట్లం జర్మన్ వంటింట్లో ఉప్పంత మామూలు వస్తువైంది. దీంతో 20వ శతాబ్దం ఆరంభానికి తెల్ల పిండి, పాలు, ఈస్ట్, చక్కెర, వనిల్లా వాసన, ఇంటి ఓవెన్ అన్నీ ఒకచోట కలిశాయి. వీటితో చేసుకున్నది పాల బన్ను. ఇంకాస్త సరదా చేయాలనుకుంటే అందులో ఎండుద్రాక్ష వేసేవారు. చాక్లెట్ బన్నుకు నిజమైన తల్లి ఈ ఎండుద్రాక్ష బన్నే. పిండి అదే, ఆకారం అదే, మధ్యలో పలుకు మాత్రమే మారింది.

చాక్లెట్ జర్మనీకి 17వ శతాబ్దంలో పానీయంగా వచ్చింది. రాజాస్థానాల్లో తాగేవారు, మందుల దుకాణాల్లో బలవర్ధకంగా అమ్మేవారు. 1804లో హాలెలో మొదలై నేటికీ నడుస్తున్న చాక్లెట్ కర్మాగారం జర్మనీలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. 1823లో డ్రెస్డెన్‌లో యోర్డాన్, టీమెయుస్ ప్రారంభించిన సంస్థ 1839లోనే పాలు కలిపిన చాక్లెట్‌ను ప్రకటించింది. 1828లో డచ్ వ్యాపారి వాన్ హౌటెన్ కోకో నుంచి కొవ్వును పిండే యంత్రానికి పేటెంటు పొందాడు. ఒకవైపు కోకో పొడి, మరోవైపు కోకో వెన్న విడివిడిగా దొరకడంతో నమిలి తినే చాక్లెట్‌కు దారి ఏర్పడింది. 1839లో కొలోన్‌లో ఫ్రాంజ్ స్టోల్‌వెర్క్ తెరిచినది మొదట ఒక బేకరీ. ఆ బేకరీ నుంచే తర్వాత దేశంలోని అతిపెద్ద చాక్లెట్ సంస్థల్లో ఒకటి పుట్టింది. 1880ల చివర్లో స్టోల్‌వెర్క్ సంస్థ రైల్వే స్టేషన్లలో నాణెం వేస్తే చాక్లెట్ ముక్క రాలే పెట్టెలు పెట్టి, ఆ రుచిని కార్మికుల పిల్లల దాకా తీసుకెళ్లింది.

ఈ చవకదనానికి మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. 1884లో కామెరూన్ జర్మన్ వలస అయింది. కామెరూన్ పర్వతం వాలుల్లోని సారవంతమైన అగ్నిపర్వత నేలలను బక్వేరీ ప్రజల నుంచి లాక్కుని కోకో తోటలు వేశారు. బలవంతపు చాకిరీలో, జబ్బులతో ఎందరో కూలీలు చనిపోయారు. జర్మన్ కర్మాగారాలకు చేరిన కోకోలో ఎక్కువ భాగం ఈక్వడార్, బ్రెజిల్, సావో టోమే, గోల్డ్ కోస్ట్ నుంచి వచ్చేది. సావో టోమేలోనూ పని పరిస్థితులు బానిసత్వానికి దగ్గరగానే ఉండేవి. తీపి బన్ను చరిత్ర రాసేటప్పుడు ఈ పేజీని తిప్పేయడం అన్యాయం. చక్కెర విషయంలో దుంప వచ్చి జర్మనీని బానిస తోటల నుంచి విడదీసింది. కోకోకు అలాంటి ప్రత్యామ్నాయం రాలేదు, ఆ గింజ చల్లని దేశాల్లో పండదు.

మొదటి ప్రపంచ యుద్ధం తెల్ల బన్నును బల్ల మీది నుంచి తీసేసింది. 1915 జనవరిలో ప్రభుత్వం ధాన్యాన్ని తన అధీనంలోకి తీసుకుంది. రొట్టెకు కార్డులు వచ్చాయి, పిండిలో బంగాళాదుంప కలపడం తప్పనిసరైంది. 1916–17 చలికాలంలో బంగాళాదుంపలు కూడా దొరక్క జనం పశువుల టర్నిప్‌లు తిన్నారు. అదే 1915 జనవరిలో ధాన్యం పొదుపు కోసం బేకరీల్లో రాత్రిపూట పనిని నిషేధించారు. బేకరీ కార్మికులు దశాబ్దాలుగా కోరుతున్నది అదే. వారి దుస్థితి గురించి సోషలిస్టు నాయకుడు ఔగుస్ట్ బేబెల్ 1890లోనే పుస్తకం వెలువరించాడు. 1896లో వచ్చిన నిబంధన పనిదినాన్ని 12 గంటలకు పరిమితం చేసింది కానీ రాత్రి పనిని ముట్టుకోలేదు. యుద్ధం కోసం వచ్చిన నిషేధాన్ని 1918 నవంబర్ విప్లవం తర్వాత కార్మిక హక్కుగా నిలిపారు, 1936లో చట్టంగా రాశారు, 1996 దాకా అది కొనసాగింది. ఆ చట్టం ఆదివారపు పనిని కూడా ఆపేయడంతో, ఆదివారాలు బేకరీల్లో తాజా బన్నులు అమ్మడానికి వీలుండేది కాదు. వారంలో తీరిగ్గా ఫలహారం చేసే రోజున తాజా బన్ను కావాలంటే ఇంట్లోనే కాల్చుకోవాలి. ఆదివారపు ఇంటి బన్నుల ఆచారానికి గట్టి పునాది వేసినవాటిలో ఈ కార్మిక చట్టం ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధంలో రేషన్ 1939లో మొదలై పశ్చిమ జర్మనీలో 1950 వరకూ, తూర్పున 1958 వరకూ సాగింది. అసలు కాఫీ, చాక్లెట్, సిగరెట్లు నల్లబజారులో డబ్బుతో సమానంగా చెల్లుబాటయ్యాయి. 1948–49లో సోవియట్ దిగ్బంధంలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు విమానాల్లో పిండి, బొగ్గు చేరవేస్తున్నప్పుడు అమెరికన్ పైలట్ గెయిల్ హాల్వర్సన్ చేతిరుమాళ్లతో చిన్న పారాచూట్లు కట్టి పిల్లల కోసం చాక్లెట్లు జారవిడిచాడు. త్వరలోనే ఇతర పైలట్లూ అందులో చేరారు. ఆ తరం బెర్లిన్ పిల్లలకు చాక్లెట్ అంటే ఆకలి తీరిన గుర్తు. తూర్పు జర్మనీలో విదేశీ మారకం కొరత వల్ల కోకో ఎప్పుడూ అరుదే. పశ్చిమాన ఉన్న బంధువులు పంపే పొట్లాల్లో కాఫీతోపాటు చాక్లెట్, కోకో పొడి తప్పక ఉండేవి. వాటిని పండుగ వంటల కోసం దాచుకునేవారు.

రొట్టెతో చాక్లెట్ తినడం మాత్రం అంతకుముందే అలవాటైంది. స్టుట్‌గార్ట్ సంస్థ ష్టెంగెల్ ఉంట్ సిల్లర్ 1930ల్లో బన్ను మధ్య పెట్టుకోవడానికి వీలుగా పలచని చాక్లెట్ రేకులు తెచ్చింది. ఎస్సెట్ పేరుతో అవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. వెచ్చని బన్ను కోసి లోపల రేకు పెడితే అది మెల్లగా కరుగుతుంది. 1960ల మధ్యలో ఇటలీ నుంచి నుటెల్లా వచ్చి పిల్లల ఉదయపు ఫలహారాన్ని మార్చేసింది. తూర్పున రాడెబోయిల్‌లో నుడోసీ అనే హేజల్‌నట్ పూత తయారైంది. బడి విరామంలో పిల్లలు చాక్లెట్ పూత వేసిన నురగ మిఠాయిని బన్ను మధ్య పెట్టి అదిమి తినేవారు. ఇన్ని రకాలుగా బన్నుతో చాక్లెట్ తిన్న పిల్లల కోసం తల్లులు ఎండుద్రాక్ష స్థానంలో చాక్లెట్ వేయడం సహజంగా జరిగిన మార్పు. దీనికి కర్త పేరంటూ లేదు. మొదట్లో గట్టి వంట చాక్లెట్‌ను కత్తితో తరిగి వేసేవారు. తర్వాత కాల్చినా ఆకారం చెదరని చిన్న చుక్కలు దుకాణాల్లోకి వచ్చాయి. 1950ల చివరి నుంచి పిండి పిసికే కొక్కేలున్న విద్యుత్ మిక్సర్లు ఇంటింటికీ చేరడంతో చేతుల శ్రమ కూడా తగ్గింది.

నేటి ఇంటి పద్ధతిలో ఆ చరిత్రంతా కొలతలుగా ఇమిడి ఉంది. మామూలుగా 500 గ్రాముల మైదా, పావు లీటరు పాలు, ఒక ఈస్ట్ ముద్ద లేదా పొట్లం, 70–80 గ్రాముల చక్కెర, అంతే వెన్న, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, 100–150 గ్రాముల చాక్లెట్ పలుకులు తీసుకుంటారు. జర్మన్ మైదా సంచి మీద 405 లేదా 550 అనే అంకె ఉంటుంది. 100 గ్రాముల పిండిని కాల్చితే మిగిలే ఖనిజాల బూడిద సుమారుగా అన్ని మిల్లీగ్రాములని దాని అర్థం. అంకె తక్కువైతే పిండి తెల్లగా ఉంటుంది, 550 బన్నులకు పట్టునిస్తుంది. పాత పద్ధతిలో పిండి మధ్య గుంట చేసి, ఈస్ట్ చిదిమి, గోరువెచ్చని పాలు, కొంచెం చక్కెర పోసి పావుగంట వదిలేస్తారు. నురగ పొంగితే ఈస్ట్ బతికి ఉన్నట్టు. బీరు నురగ కొనుక్కున్న రోజుల్లో ఈ పరీక్ష చేయకపోతే పిండి మొత్తం వృథా అయ్యేది. ఈస్ట్ ముద్ద నమ్మకమైనది అయినా ఆ అలవాటు పోలేదు.

మిగతా జాగ్రత్తలకూ కారణాలున్నాయి. పాలు 45 డిగ్రీలు దాటితే ఈస్ట్ దెబ్బతింటుంది. వెన్న, చక్కెర ఎక్కువైన కొద్దీ ఈస్ట్ పని నెమ్మదిస్తుంది. అందుకే తీపి పిండి పొంగడానికి గంటకు పైగా పడుతుంది. చలి ఇళ్లలో పిండి గిన్నెకు గుడ్డ కప్పి, ఈకల దుప్పటి కింద మంచంలో పడుకోబెట్టేవారు. గాలి తగలకుండా కిటికీలు మూసేవారు. పాలలోని లాక్టోజ్‌ను బేకరీ ఈస్ట్ జీర్ణించుకోలేదు. అది పిండిలో మిగిలి, కాలేటప్పుడు పైపెంకుకు రంగు తెస్తుంది. చాక్లెట్‌ను పిండి మొదటిసారి పొంగి చల్లబడ్డాకే కలపాలి. కోకో వెన్న మనిషి ఒంటి వేడికి కొంచెం దిగువనే కరుగుతుంది కాబట్టి, వెచ్చని పిండిలో పిసికితే పలుకులు మరకలై పిండంతా మట్టిరంగుకు తిరుగుతుంది. ఉండలు చేశాక మరో అరగంట పొంగనిచ్చి, పచ్చసొనలో పాలు కలిపి పూసి, 180 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాలుస్తారు. ఎక్కువ కాలితే లోపల ఎండిపోతుంది.

అమ్మకానికి వచ్చే సరుకుకు జర్మనీ ఆహార మార్గదర్శకాలు హద్దులు గీశాయి. పాల బన్ను అని పిలవాలంటే 100 కిలోల పిండికి కనీసం 50 లీటర్ల పాలు వాడాలి. 90 వంతుల పిండికి కొవ్వు, చక్కెర కలిపి 10 వంతులు చేరితే అది రొట్టె కాదు, ‘నాణ్యమైన బేకరీ పదార్థం’. ఇంటి చాక్లెట్ బన్ను ఈ గీత దాటి అవతలే ఉంటుంది. పాత రోజుల్లో తెల్లరొట్టెవారికీ మిఠాయివారికీ మధ్య ఉన్న విభజన ఇలా అంకెల రూపంలో మిగిలింది.

1996లో చట్టం మారి ఆదివారాలు బేకరీలు కొన్ని గంటలు తెరవగలిగాయి. ఆ తర్వాత గడ్డకట్టించిన పిండి ముద్దలను కాల్చి అమ్మే దుకాణాలు, సూపర్‌మార్కెట్ ఓవెన్లు పెరిగాయి. చేతిపని బేకరీ సంస్థల సంఖ్య తగ్గుతూ వచ్చి 10 వేలకు దిగువకు చేరింది. 2014లో జర్మన్ రొట్టెల సంస్కృతి ఆ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ గౌరవంలో ముందు కనిపించేది నల్లని రై రొట్టె, ఇంటి తీపి బన్ను ప్రస్తావన అరుదు. 2020 మార్చిలో కరోనా వల్ల ఇళ్లకే పరిమితమైన జనం మొదట ఖాళీ చేసినవాటిలో పిండి, ఈస్ట్ అరలు కూడా ఉన్నాయి. తాజా ఈస్ట్ దొరకనివాళ్లు ఉన్న ముద్దలో ఒక ముక్కను చక్కెర, పిండి, నీళ్లతో పెంచి పంచుకున్నారు. దుకాణంలో సంచికట్టిన చాక్లెట్ పాల బన్నులు ఏడాది పొడవునా దొరుకుతున్నా, ఇంట్లో చేసేవాళ్లు తగ్గలేదు. శనివారం రాత్రి పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, నెమ్మదిగా పొంగనిచ్చి, ఆదివారం పొద్దున కాల్చడం ఇప్పుడు ఎక్కువగా పాటిస్తున్న పద్ధతి.